సబ్బు నూనె

"అన్నా, నూనె నల్లగైంది" అన్నాడు బాలస్వామి, సైకిలుకు స్టాండు కూడా వెయ్యకుండా గోడకు ఒరగబెట్టి.

గ్రీజు డబ్బా మూత బిగిస్తున్న ఇన్నయ్య చెయ్యి ఆగింది. ఏప్రిల్ నెల, పొద్దున పది గంటలు. తార్నాక చౌరస్తాలో అప్పటికే తారు మెత్తబడుతోంది. బస్సు స్టాపుకు ఎదురుగా ఉన్న ఆ రేకుల దుకాణంలో ఇంజను నూనె, గ్రీజు, పంపు బెల్టులు, వాషర్లు తప్ప వేరే సరుకు ఉండదు. పదహారేళ్లుగా ఆ వాసనలోనే కూర్చున్న మనిషికి నూనె నల్లబడిందన్నది పెద్ద విషయం కాదు. ఇంజనులో పోసిన నూనె ఎప్పటికైనా నల్లబడవలసిందే. కానీ బాలస్వామి మొహం మీద చెమటకు ఎండ ఒక్కటే కారణంలా లేదు.

"మార్చి ఎన్ని దినాలైంది?"

"సోమారం పోసిన. ఇయ్యాల బేస్తారం."

"మూడు దినాలకేనా?"

"మూడు దినాలకే కాటుక లెక్క అయింది. సరే, నలుపుదేముంది అనుకున్న. నూనె ప్రెషరు మీటరు చూస్తే పాణం జల్లుమన్నది. ఎప్పుడు ముప్పై అయిదు మీద నిలబడే ముల్లు ఇరవైకి దిగింది. పొద్దుగాలటి సంది లోపల ఎవడో సుత్తెతోని కొడుతున్నట్టు చప్పుడు."

"మరి ఇంజను ఎవరు చూస్తున్నరు ఇప్పుడు?"

"రాహేలును కూసుండబెట్టి వచ్చిన. ముల్లు పదిహేనుకు దిగితే డీజిల్ కాక్ బంద్ చెయ్యమని చెప్పిన."

ఇన్నయ్య లోపల తూకం మొదలైంది. ఏ మాట విన్నా, ఏ పని ఎదురైనా ఇందులో వచ్చేది ఎంత, పోయేది ఎంత అని ముందు మనసులో తూచుకోవడం అతని అలవాటు. ఈసారి రెండో తట్టలో పెట్టడానికి ఏమీ దొరకలేదు. ముల్లు దిగిందంటే నూనె ఎక్కవలసిన చోటికి ఎక్కడం లేదు. ఎక్కకపోతే ఇనుమును ఇనుము తింటుంది. ఇట్లాగే ఇంకో పూట నడిస్తే ఇంజను పట్టేస్తుంది. ఇంజను పట్టేస్తే బాలస్వామి పని అయిపోయినట్టే.

యూనివర్సిటీ హాస్టళ్ల వెనక ఉన్న పంపుహౌసులో బాలస్వామి పదకొండేళ్లుగా దినకూలీ మీద ఇంజను డ్రైవరు. ఆలేరు దగ్గర ఒకే ఊరివాళ్లు ఇద్దరూ. వాణ్ణి పట్నానికి తెచ్చిందీ, ఆ పంపుహౌసులో నిలబెట్టిందీ ఇన్నయ్యే. ఇన్నాళ్లకు దినకూలీలలో కొందరిని పర్మనెంటు చేస్తున్నారు. వచ్చే సోమవారం నోటీసు బోర్డు మీద లిస్టు వేస్తారు. అందులో బాలస్వామి పేరు ఉందని ఆఫీసు గుమాస్తా ముందే చెప్పాడు. సీతాఫల్‌మండిలో ఒక్క గదిలో ముగ్గురు పిల్లలతో ఉంటున్న వాడి భార్య రాహేలు, పర్మనెంటైతే ఇచ్చే క్వార్టర్‌కు ఎన్ని కిటికీలు ఉంటాయని అప్పుడే అడగడం మొదలుపెట్టింది. ఈలోగా ఒక్క చెడ్డ కాగితం పైకి వెళితే ఆ పేరు కొట్టేసి ఇంకో పేరు రాస్తారు. ఆ ఇంకో పేరువాళ్లు యాభై మంది ఉన్నారు.

"ఓవర్సీయరుకు చెప్పినవా?"

"చెప్పిన. కరెంటు మోటారు కాలిపోయి వైండింగుకు పాయె, పిల్లలకు పరీక్షలు, ఇంజను ఆగొద్దు, సాయంత్రం వచ్చి చూస్తా అన్నడు." బాలస్వామి చెప్పాలా వద్దా అన్నట్టు చెప్పాడు. "అన్నా, మార్కు మార్చినంక ఇట్లయింది. నేను అడిగిన గదా ఆనాడు."

అడిగిన మాట నిజమే. తొమ్మిదేళ్లుగా ఆ ఇంజను తాగింది ఏనుగు మార్కు నూనె. పోయిన ఏడాది సూయజ్ కాలువ మూతపడ్డాక ఓడలు చుట్టూ తిరిగి వస్తున్నాయని ఏనుగు కంపెనీ ఏజెంటు నెలల తరబడి సాకులు చెప్పాడు. అదే సమయంలో డేగ మార్కు ఏజెంటు సీలు వేసిన డ్రమ్ము తెచ్చి గుమ్మంలో దింపాడు. తార్నాక మొత్తానికి నువ్వే మా మనిషివన్నాడు. డ్రమ్ము మీద హెచ్.డి. అని పెద్ద అక్షరాలున్నాయి. హెవీ డ్యూటీ అని ఏజెంటు అర్థం చెప్పాడు. హెవీ అంటే గట్టిదని ఇన్నయ్య అర్థం చేసుకున్నాడు. ముసలి ఇంజనుకు గట్టి నూనె బలమే కదా అనుకున్నాడు. మార్కు మారితే ఏమన్నా అయితదా అన్నా అని బాలస్వామి అడిగినప్పుడు, "ఇంజనుకు మార్కు సదవొస్తదా తమ్మీ, నూనె నూనెనే" అన్నాడు. దుకాణంలో ఉన్న లారీ డ్రైవర్లు నవ్వారు. ఆ నవ్వు వల్ల అదే రోజు ఇంకో ఇద్దరు డేగ మార్కు తీసుకుపోయారు. మంచి బేరం అనిపించింది అప్పుడు.

ఇన్నయ్య లోపలికి వెళ్లి డ్రమ్ము చుట్టూ తిరిగాడు. సీలు కత్తిరించిన తీగ ఇంకా మూతకే వేలాడుతోంది. అది తీసినప్పుడు బాలస్వామే పక్కన ఉన్నాడు. వేలు ముంచి బొటనవేలితో రాసి చూశాడు. వాసన చూశాడు. నాలుక కొసకు కూడా తగిలించుకున్నాడు. శుభ్రమైన నూనె. కల్తీ అయితే ఎవరి కాలర్ పట్టుకోవాలో తెలిసేది. కల్తీ లేనప్పుడే భయం ఎక్కువైంది.

"నువ్వు పో. ముల్లు మీదికెళ్లి కన్ను తియ్యకు. ఇంజనులకెళ్లి ఒక సీసాల నూనె తీసి ఉంచు. సోమారం దించిన పాత నూనె ఏం చేసినవు?"

"తలుపుకు చెద పట్టకుండ పూసిన. సగం డబ్బా మిగిలింది."

"అదీ ఉంచు."

దుకాణం తడిక వేసి ఇన్నయ్య వెనకే బయలుదేరాడు. పంపుహౌసు ఇంకా కనబడకముందే చప్పుడు వినబడింది. ఆ ఇంజను చప్పుడు అతనికి బాగా తెలుసు. నిదానంగా, అన్నం తిన్న మనిషి నడకలా ఉండేది. ఇప్పుడు ప్రతి నాలుగో దెబ్బకు ఒక టంగుమనే మోత కలుస్తోంది.

రాహేలు స్టూలు మీద కూర్చుని మీటరు వైపే చూస్తోంది. సద్ది ముంత పక్కన పెట్టుకుంది.

"పద్దెనిమిది బావా" అంది తల తిప్పకుండా. "పదకొండేండ్లల్ల మీ తమ్ముడు నన్ను గింతసేపు చూసిండో లేదో గానీ, నేను ఈ ముల్లును చూసిన."

ఎవరూ నవ్వలేదు. నవ్వించాలని ఆమె కూడా అనలేదు. ఇన్నయ్య రెండు సీసాలు సంచిలో వేసుకుని ఇంజనీరింగ్ కాలేజీ వైపు సైకిలు తొక్కాడు.

అక్కడ వర్క్‌షాపులో అచ్యుతరామయ్య అని ఒక పాత డిమాన్‌స్ట్రేటరు ఉన్నాడు. తన స్కూటరుకు నూనె ఇన్నయ్య దగ్గరే కొంటాడు. కొన్న ప్రతిసారీ నూనె గురించి పావుగంట చెబుతాడు. బేరం చెడుతుందని ఇన్నయ్య ఏనాడూ చెవిన పెట్టలేదు. ఈరోజు తలుపు దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"ఏమిటి ఇన్నయ్యా, చెప్పులెందుకు విడిచావు, ఇదేమన్నా గుడా" అన్నాడు అచ్యుతరామయ్య. విషయం విన్నాక మాత్రం హాస్యం ఆపి, సొరుగులోంచి వడపోత కాగితం తీశాడు. గాజు పుల్లతో ఒక చోట పాత నూనె చుక్క, ఇంకో చోట కొత్త నూనె చుక్క వేశాడు.

ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. పాత నూనె చుక్క మధ్యలో మసంతా ముద్దలా ఆగిపోయి, చుట్టూ పసుపు పచ్చటి తడి మాత్రం పాకింది. కొత్త నూనె చుక్క మాత్రం నలుపునంతా తనతో మోసుకుంటూ అంచుదాకా ఒకే రంగులో పరుచుకుంది.

"చూశావా. పాతది మురికిని ఎక్కడిదక్కడ వదిలేసింది. కొత్తది మురికిని ఎత్తుకుని తిరుగుతోంది. డ్రమ్ము మీద హెచ్.డి. అని ఉందా?"

"ఉన్నది సారూ. హెవీ అంటే గట్టిదనుకున్న."

"గట్టిదని కాదయ్యా. బరువు పని చేసే ఇంజన్లలో పోసేదని. అందులో ఒక మందు కలుపుతారు. సబ్బు అనుకో. బట్టల్లో మురికిని సబ్బు ఎట్లా వదిలిస్తుందో ఇది ఇంజనులో మసిని అట్లా వదిలిస్తుంది. తొమ్మిదేళ్ల మసి గోడలకూ అడుగుకూ అంటుకుని ఊరికే పడి ఉంది. మూడు రోజుల్లో నీ సబ్బు నూనె దాన్నంతా లేపింది. లేచినది పోయి నూనె పీల్చే జల్లెడకు అడ్డం పడింది. నూనె మంచిదే. మంచిది కాబట్టే నల్లబడింది."

"అంటే మార్కు మార్చుడే తప్పంటరా?"

"మార్కుదేముంది? ఏనుగు తీసి గుర్రం పొయ్యి, గుర్రం తీసి డేగ పొయ్యి, ఒకే జాతి నూనె అయితే ఇంజనుకు తేడా తెలియదు. జనం మార్కు గురించి కొట్టుకుంటారు. నువ్వు మార్చింది జాతి."

నూనె నూనెనే అని తాను నవ్వుతూ అన్న మాట ఇన్నయ్యకు గుర్తొచ్చింది. "ఇప్పుడు ఏం చెయ్యాలె సారూ?"

"ముందు ఇంజను ఆపండి. ఈ క్షణాన ఆపాలి. పక్క తలుపు విప్పి జల్లెడ తీసి కిరసనాయిలుతో కడగండి. అడుగున ఉన్న ముద్దనంతా చేత్తో తోడి పారెయ్యండి. కొత్త నూనె పోసి నడిపి, వారంలో మళ్లీ మార్చండి. బేరింగు ఇంకా పూర్తిగా పోకపోతే బతుకుతుంది." అచ్యుతరామయ్య కాగితం మడుస్తూ అడిగాడు. "పాత నూనె మొత్తం దించి, లోపల కడిగే పోశాడా కొత్తది? అట్లా చేసి ఉంటే ఇంత అయ్యేది కాదే. అడుగున ఏమన్నా మిగిల్చాడా?"

ఇన్నయ్య సీసాలు తిరిగి సంచిలో వేసుకున్నాడు. జవాబు అతనికి తెలుసు. బాలస్వామి పాత నూనె ఏనాడూ మొత్తం తియ్యడు. పాలలో తోడు వేసినట్టు రెండు సేర్ల పాత నూనె అడుగున ఉంచి దాని మీద కొత్తది పోస్తాడు. కొత్త నూనె ఇంజనుకు మరిగేది ఆ తోడు వల్లనే అంటాడు. తార్నాక, లాలాగూడ లారీ డ్రైవర్లు సగం మంది అంతే. ఇన్నయ్య చూస్తూనే ఉన్నాడు, ఎప్పుడూ వద్దనలేదు. రెండు సేర్లు తక్కువ అమ్ముడుపోతున్నందుకు ఒకసారి వేళాకోళం చేశాడేమో, అంతే. ఇన్నేళ్లుగా ఆ తోడు కింద ముద్ద పేరుకుంటూనే వచ్చింది.

"మిగిల్చినట్టున్నాడు" అన్నాడు అచ్యుతరామయ్య అతని మొహం చూసి. "అయితే తప్పు సగం నీది, సగం అతనిది."

తిరుగు దారిలో చెట్ల నీడలో సైకిలు తొక్కుతూ ఇన్నయ్య ఆ రెండు సగాలనూ అటూ ఇటూ పెట్టి చూశాడు. సర్దితే సర్దుకునేవి కావు. బాలస్వామి వాటాకు వచ్చిన సగం చాలు, లిస్టులో పేరు పోవడానికి. తన వాటా సగానికి దుకాణం పోకపోవచ్చు గానీ పేరు పోతుంది. ఇద్దరూ సగం సగం తీసుకుంటే ఇద్దరూ పోతారు. ఇంకో సంగతి కూడా తేలింది. తోడు ఉంచడం తప్పని బాలస్వామికి చెప్పకూడదు. చెబితే వాడు దాచలేడు. పోయిన వానాకాలం బెల్టు తెగినప్పుడు, ఎవరూ అడగకుండానే వెళ్లి నేనే బిగువు ఎక్కువ పెట్టిన సార్ అని ఓవర్సీయరుకు చెప్పి వచ్చిన మనిషి. తప్పు అని తెలియనంత వరకే వాడు క్షేమం.

పంపుహౌసు చేరేసరికి ముల్లు పదహారు మీద ఉంది. ఇన్నయ్య డీజిల్ కాక్ తిప్పేశాడు. ఇంజను నాలుగు దగ్గులు దగ్గి ఆగింది. బాలస్వామి కాక్ మీదికి చెయ్యి చాపాడు.

"అన్నా, ఆపొద్దన్నరు. నా మీదికొస్తది."

"నేను ఆపిన. ఎవరడిగినా ఇన్నయ్య ఆపిండని చెప్పు. పక్క తలుపు బోల్టులు విప్పు."

"ఏమన్నడు ఆ సారు?"

"జల్లెడకు మసి అడ్డం పడ్డదట. కడగాలె. విప్పు ముందు."

కాలుతున్న ఇనుము. బోల్టు బోల్టుకూ చేతులు చురుక్కుమంటున్నాయి. తలుపు ఊడగానే నల్లటి నూనె కాలువ కట్టింది. అడుగున చెయ్యి పెడితే మాడిన జావలా ముద్ద. పిడికిళ్లతో తోడి బొచ్చెలో వేశారు. జల్లెడ బయటికి తీసినప్పుడు అది జల్లెడలా లేదు. కన్నాలన్నీ పూడిపోయి పిడకలా ఉంది. రాహేలు చీర చెంగు నడుముకు దోపి, కిరసనాయిలు గిన్నెలో దాన్ని ముంచి కొబ్బరి పీచుతో రుద్దడానికి కూర్చుంది.

అరగంట కాకముందే హాస్టలు పిల్లలు బకెట్లతో వచ్చారు. ఒకడు లుంగీ కట్టుకుని, నెత్తి నిండా సబ్బు నురగతో ఉన్నాడు.

"బాలస్వామన్నా, పరీక్ష మాకా, నీకా? నల్లల నీళ్లు బందైనయ్. ఈ సబ్బుతోనే హాల్‌కు పోవాలెనా?"

"ఒక్క గంట ఆగు బిడ్డా."

"గంటలో ఎండిపోతది గదనే."

"ఎండితే దులుపుకో" అంది రాహేలు. "మేము ఈడ ఇనుముకు తానం పోస్తున్నం. దాని వంతు అయినంక నీ వంతు."

పిల్లలు నవ్వుతూ గోడ నీడన కూర్చున్నారు. ఆ నవ్వులు బాలస్వామికి వినబడుతున్నట్టు లేదు. వాడు లోపలికి చెయ్యి చాపి బేరింగును వేలితో తడిమి చూస్తున్నాడు. ఒక చోట గోరు తట్టుకుంది. సన్నటి గీత పడింది. లోతు లేదు. వాడు కళ్లు మూసుకుని గొణిగింది ప్రార్థనో, తిట్టో ఇన్నయ్యకు అర్థం కాలేదు.

జల్లెడ తిరిగి బిగించి, అడుగంతా గుడ్డతో తుడిచి, తలుపు మూశారు. ఇన్నయ్య దుకాణం నుంచి తెచ్చిన కొత్త డబ్బా ఎత్తేసరికి ఓవర్సీయరు వెంకటసుబ్బారావు మోటారు సైకిలు వచ్చి ఆగింది. సాయంత్రం వస్తానన్న మనిషి మూడింటికే వచ్చాడు. నీళ్లు ఆగాయని వార్డెను ఫోను చేశాడట.

అతను చెడ్డవాడేమీ కాదు. పని తెలిసినవాడు. ఇన్నయ్యకు భయం వేసింది అందుకే.

"ఎవరు ఆపమన్నారు?"

"నేనే ఆపిన సార్" అన్నాడు ఇన్నయ్య.

"నువ్వెవరివి?"

"నూనె ఇచ్చేటోన్ని. తార్నాకల దుకాణం."

వెంకటసుబ్బారావు బొచ్చెలోని నల్లటి ముద్దను పుల్లతో కదిపి చూశాడు. "మూడు రోజుల కిందట మార్చిన నూనె ఇట్లా ఉందేమిటి?"

చెప్పగలనని ఇన్నయ్యకు ఒక్క నిమిషం ఆశ పుట్టింది. నిజం చెప్పినా నెగ్గుకురావచ్చేమో అనిపించింది. "సార్, ఇది సబ్బు రకం నూనె. లోపలున్న పాత మురికిని కడుగుతది. గందుకే నల్లగైంది. నూనె ఖరాబు కాదు."

"డిటర్జెంటు నూనె అన్నమాట" అన్నాడు వెంకటసుబ్బారావు వెంటనే. "సరే. అట్లాంటి నూనె పోసేటప్పుడు పాతది చుక్క లేకుండా తీసి, కడిగి పోయాలి కదా. గోడ మీద రూల్సులో కూడా ఉంది, మొత్తం తియ్యాలని." అతను బాలస్వామి వైపు తిరిగాడు. "ఏం బాలస్వామీ, సోమవారం పాత నూనె మొత్తం తీశావా?"

నిజం తిన్నగా వాడి గుమ్మానికే వెళ్లింది. బాలస్వామి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. దాచవలసినది ఏదో ఉందని కూడా తెలియని మొహంతో నోరు తెరిచాడు.

"సార్, నేను ఎప్పటి లెక్కనే..."

"కల్తీ నూనె సార్" అన్నాడు ఇన్నయ్య.

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని అతనికి కూడా కాసేపటి తర్వాతే తెలిసింది. పదహారేళ్లలో దుకాణంలో ఆ మాట అన్నవాళ్లను ఇద్దరిని బయటికి నెట్టాడు.

"ఇప్పుడే ఖరాబు కాదన్నావు?"

"అబద్దం చెప్పిన సార్. తప్పించుకుందామని చూసిన. నూనెల వేరేది కలిసింది. ఇంజను డ్రైవరుకు ఏం తెల్వదు."

బాలస్వామి మెల్లగా అన్నాడు. "సీలు నా ముందరనే తీసినవు గదన్నా."

వాడు తనను కాపాడుతున్నాడని ఇన్నయ్యకు అర్థమైంది. ఆ కాపాడటాన్ని కూడా విరగ్గొట్టాలి. లేకపోతే ప్రశ్న మళ్లీ తోడు దగ్గరికే వస్తుంది.

"నువ్వు పోయినంక కలిపిన" అన్నాడు వాడి కళ్లలోకి చూడకుండా. "నువ్వు మళ్లొచ్చి తీస్కపోయింది ఆ సీలు డ్రమ్ముల నూనె అనుకున్నవు. కాదు."

బాలస్వామి చేతిలోని గుడ్డ మడిచి ఇంజను మీద పెట్టాడు. రాహేలు ముంత తన వైపు జరుపుకుంది. అందులో ఇన్నయ్య వాటా అన్నం కూడా ఉంది. పొద్దుటి నుంచి ముగ్గురిలో ఎవరూ తినలేదు.

వెంకటసుబ్బారావు అక్కడే గోడ మీద కాగితం పెట్టి రాశాడు. సరఫరా చేసిన నూనె కల్తీ అయినందువల్ల ఇంజనుకు నష్టం కలిగే స్థితి వచ్చిందనీ, డ్రైవరు సకాలంలో గమనించాడనీ రాసి వినిపించాడు. సకాలంలో గమనించాడన్న మాట తనంతట తానే రాశాడు. ఇన్నయ్యకు ఆ ఒక్క ముక్క చెవిలో చల్లగా పడింది.

"చదువుకుని సంతకం పెట్టు."

"సదువు రాదు సార్. సంతకం వస్తది."

పెట్టాడు. ఇంకెప్పుడూ క్యాంపస్ గేటు లోపల నీ డబ్బా కనబడకూడదన్నాడు వెంకటసుబ్బారావు. ఇన్నయ్య తల ఊపి, తెచ్చిన కొత్త డబ్బా మూత విప్పాడు. "మరి ఇప్పుడు ఏది పోస్తరు సార్? ఇంకో నూనె లేదు." ఓవర్సీయరు వేలు ముంచి, రుద్ది, వాసన చూసి, ఇది బాగానే ఉందే అని గొణిగాడు. వేరే దారి లేక పొయ్యమన్నాడు.

బాలస్వామి హ్యాండిల్ తిప్పాడు. రెండోసారికి ఇంజను అందుకుంది. ముల్లు వణుకుతూ లేచి పది దగ్గర ఆగింది. అక్కడే నిలబడిపోతుందేమోనని నలుగురూ మీటరు మీదికి వంగారు. తర్వాత ఇరవై. తర్వాత ముప్పై. ఇంకో రెండు గీతలు ఎక్కి నిలిచింది. టంగుమనే మోత పూర్తిగా పోలేదు. చెవి పెట్టి వింటే అడుగున ఎక్కడో సన్నగా ఉంది. బయట పిల్లలు బకెట్లు వాయించారు.

ఇన్నయ్య ఖాళీ డబ్బా తీసుకుని బయటికి నడిచాడు. వెనక నుంచి ఎవరూ పిలవలేదు.

పొద్దు గూకక ముందే ఆ మాట తార్నాకకు చేరింది. యూనివర్సిటీలో పట్టుకున్నారట, తనే ఒప్పుకున్నాడట. శుక్రవారం వచ్చిన లారీ డ్రైవర్లు ఇద్దరూ దుకాణం ముందు బండి ఆపారు గానీ దిగలేదు. ఒకతను కిటికీలోంచి, "ఏం ఇన్నన్నా, ఇయ్యాల దేంట్ల ఏది కలిపినవ్?" అని అడిగి వెళ్లిపోయాడు. శనివారం డేగ మార్కు ఏజెంటు వచ్చి తన కంపెనీ పేరు పాడుచేశావని డ్రమ్మునూ, గోడకు కొట్టిన రేకు బోర్డునూ బండిలో వేసుకుపోయాడు. బోర్డు ఊడదీసిన చోట గోడ రంగు వేరుగా కనబడింది. దాని మీద ఏం పెట్టాలో ఇన్నయ్యకు తోచలేదు.

ఆదివారం అచ్యుతరామయ్య స్కూటరు మీద వచ్చాడు. కోపంగా ఉన్నాడు.

"కల్తీ అని నువ్వే సంతకం పెట్టావట. ఆ చుక్కల కాగితం నా దగ్గరుంది. నూనె మంచిదని నేను రాసిస్తాను, రేపే వెంకటసుబ్బారావుకు చూపిస్తాను."

"వద్దు సారూ."

"ఎందుకు వద్దు?"

"మీరు రాసిన కాగితం చూస్తే పాత నూనె మొత్తం తీసిండ్రా అని అడుగుతరు. లిస్టుల పేరు వచ్చినా ఒక ఏడాది పని చూసి గానీ పక్కా చెయ్యరట. ఏడాది ఆగుండ్రి."

అచ్యుతరామయ్య ఖాళీ అరల వైపు చూశాడు. "ఏడాదికి నీ దుకాణం ఉంటుందా?"

"అదే తెలుస్తలేదు సారూ."

"పోనీ, అతనికన్నా చెప్పు. ఒక్క మనిషికైనా నీ మాట తెలియాలి కదా."

ఇన్నయ్య ఆ మాట చాలాసేపు మోశాడు. చెబితే బాలస్వామి ఏం చేస్తాడో అతనికి కళ్లకు కట్టినట్టు కనబడుతోంది. సైకిలు ఎక్కి తిన్నగా ఆఫీసుకు వెళతాడు. నేనే తోడు ఉంచిన సార్ అంటాడు. తర్వాత తేలికపడిన మొహంతో దినకూలీకి తిరిగి వస్తాడు, అది కూడా ఉంచితే. ఒక మనిషి మంచితనం వల్లనే అతనికి నిజం చెప్పలేని పరిస్థితి వస్తుందని ఇన్నయ్య ఏనాడూ అనుకోలేదు.

సోమవారం లిస్టు వేశారు. బాలస్వామి పేరు ఏడోది. ఆ సంగతి ఇన్నయ్యకు బస్సు స్టాపులో ఎవరో చెప్పుకుంటుంటే తెలిసింది. దుకాణం లోపలికి వెళ్లి కాసేపు ఊరికే నిలబడ్డాడు. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకునే మనిషి వాడే.

మంగళవారం మధ్యాహ్నం బాలస్వామి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. సైకిలుకు స్టాండు వేశాడు. గుమ్మం లోపలికి మాత్రం రాలేదు.

"పేరు వచ్చిందట గదా తమ్మీ."

"వచ్చింది."

"రాహేలు సంతోషపడ్డదా?"

"ఆ."

బస్సు ఒకటి వచ్చి, ఆగి, పోయింది. బాలస్వామి నేల వైపు చూస్తూ మాట్లాడాడు. ముందే అనుకుని వచ్చిన మాటలని తెలుస్తూనే ఉంది.

"నువ్వు లేకుంటే నేను ఈ పట్నంల లేను. గా సంగతి నేను యాది మరువ. కానీ నాకన్న చెప్పాలె గదన్నా. నా ఇంజను అని తెలిసి పోసినవు."

ఇన్నయ్య గల్లాపెట్టె మీద చెయ్యి ఆనించాడు.

"తప్పయింది" అన్నాడు.

బాలస్వామి ఇంకేదో వింటాననుకున్నట్టు నిలబడ్డాడు. ఏదో ఒక సాకు, ఒక కష్టం, ఒక కారణం చెబితే క్షమించి లోపలికి వచ్చి కూర్చోవడానికి కూడా సిద్ధంగా ఉన్నట్టే ఉన్నాడు. ఇన్నయ్య ఖాళీ అర తుడవడం మొదలుపెట్టాడు.

"ఓవర్సీయరు సారు వేరే కాడ నూనె చూసుకొమ్మన్నడు" అన్నాడు బాలస్వామి చివరికి. "నాకు వేరే దుకాణం ఏది తెల్వదు. ఎన్నడు పోలేదు. మంచి నూనె ఏడ దొరుకుతదో చెప్తవా?"

"మెట్టుగూడకు పో. రైల్వే క్వార్టర్లకు ఎదురుంగ పేరయ్య దుకాణం ఉంటది. సీలు డబ్బాలే అమ్ముతడు, లూజు ఉండదు. హెచ్.డి. అని రాసి ఉన్నదే అడుగు, ఇప్పుడు నీ ఇంజను దానికే అలవాటైంది. వారం కాంగనే మళ్లొకసారి మార్చు. నా పేరు చెప్తే..."

అక్కడ ఆగాడు. బాలస్వామి పెడల్ మీద కాలు పెట్టి వింటున్నాడు.

"నా పేరు చెప్పకు" అన్నాడు ఇన్నయ్య.